మిద్దెతోటలో బఠాణీయా, అనపా?

దసరా దాటి బెంగళూరు ఉదయాలు చల్లబడగానే, మిద్దె మీద ఖాళీ అయిన నాలుగు గ్రో బ్యాగుల్లో ఏ విత్తనం వేయాలన్న ప్రశ్న మా ఇంట్లో ఏటా వస్తుంది. మాది చిత్తూరు జిల్లా కనుక పెద్దలందరూ అనప (కన్నడంలో అవరె అనే చిక్కుడు జాతి గింజ) వైపే మొగ్గుతారు; నేను మాత్రం బఠాణీ వేయాలంటాను.

పెంపకం వరకే చూస్తే అనపదే పైచేయి. అది ఈ ప్రాంతపు నేలకూ ఎండకూ అలవాటుపడిన పంట. ఒక పూట నీళ్లు ఆలస్యమైనా తట్టుకుంటుంది. పగటి పొద్దు తగ్గాకే పూసే నాటు రకాలకు పెద్ద పందిరి కావాలి గానీ, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన హెబ్బాళ అవరె-3, హెబ్బాళ అవరె-4 రకాలు పొదలా పెరిగి ఏ కాలంలోనైనా పూస్తాయి. లేత కొమ్మలకు పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) పడితే, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బునీటితో కలిపి సాయంత్రం పూట చల్లాలి.

బఠాణీకి అంత ఓర్పు లేదు. పగటి వేడి 30 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది కాబట్టి, ఫిబ్రవరి ఎండలు ముదిరేలోగా కాపు ముగిసేలా నవంబరు మధ్యలోపే విత్తుకోవాలి. నారు పోసి నాటడం దానికి పడదు. గింజను నేరుగా సంచిలోనే అంగుళం లోతున పెట్టాలి. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని అందిస్తాయి కనుక, ప్రేమకొద్దీ ఎరువు ఎక్కువ వేస్తే ఆకు పెరిగి కాయ తగ్గుతుంది. బూడిద తెగులు భయం ఉన్నవారికి, దాన్ని తట్టుకునేలా హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క అజిత్ మంచి రకం.

ఇంత శ్రమ ఉన్నా నేను బఠాణీనే ఎంచుకోవడానికి కారణం కోతలో ఉంది. కాయ తెంపినప్పటి నుంచే గింజలోని చక్కెర పిండిపదార్థంగా మారడం మొదలవుతుంది. వేడిలో ఆ మార్పు మరింత వేగంగా జరుగుతుంది. దూరం నుంచి వచ్చి బజారులో ఒకటి రెండు రోజులు గడిపిన కాయకు, తెంపిన అరగంటలో వలుచుకుని తినే కాయకు ఉండే తేడా నాలుక మీద పెట్టుకోగానే తెలుస్తుంది. అనపకాయ విషయంలో ఆ లోటు లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో మాగడి, కోలారు వైపు నుంచి ఘుమఘుమలాడే కాయలు రోజూ నగరానికి వస్తాయి. పైగా నానబెట్టి తొక్క తీసి పితికిన పప్పు వండాలంటే కాయలు కిలోల లెక్కన కావాలి. నాలుగు సంచుల కాపు ఆ వంటకు ఏ మూలకూ చాలదు.

బఠాణీ కాపు కూడా పూటకు గిన్నెడు గింజలకు మించదు. గింజ నిండి, కాయ ఇంకా నిగనిగలాడుతున్నప్పుడే, ఒక చేత్తో తీగ పట్టుకుని మరో చేత్తో తెంపాలి. ఒంటి చేత్తో లాగితే తీగ విరుగుతుంది. రెండు రోజులకోసారి కోస్తేనే కొత్త పూత వస్తుంది, ముదిరిన కాయలు తీగ మీదే ఉంటే పూత ఆగిపోతుంది.

పడమటి ఎండ నేరుగా కొట్టే మిద్దెలకు, డిసెంబరు దాటాక విత్తాలనుకునేవారికి మాత్రం అనపే మేలు. మా ఇంట్లో ఈ ఏడు పిట్టగోడ చల్లని నీడలోని మూడు సంచులు బఠాణీకి, ఎండ తగిలే నాలుగోది పెద్దల మాట ప్రకారం అనపకు కేటాయించాము.