బీగిల్ ఓడ కిట్టు: కట్టడానికి రెండేళ్ళు, అల్మరా మీద మూడేళ్ళు

ఈ చెక్క ఓడ నమూనా కిట్టు కొని ఐదేళ్ళు దాటింది. కట్టడానికి రెండేళ్ళ మూడు నెలలు పట్టింది. రోజుకి గంట, ఆదివారం మూడు గంటలు, మధ్యలో విసుగెత్తి మూతపెట్టేసిన నాలుగు నెలలు కూడా అందులోనే. పూర్తయి మూడేళ్ళవుతోంది. నేను కొనేముందు చదివిన సమీక్షలన్నీ పెట్టె విప్పిన వారంలో రాసినవే. కలప వాసన బావుంది, ముక్కలు లేజరుతో శుభ్రంగా కోశారు అని అందరూ రాశారు. అబద్ధమేం కాదు. కానీ విశాఖపట్నం ఉప్పుగాలిలో మూడు వానాకాలాలు గడిచాక దాని సంగతేమిటో ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది.

ఓడ పేరు హెచ్.ఎం.ఎస్. బీగిల్. డార్విన్ ప్రపంచం చుట్టి వచ్చిన ఓడ. 1820 మే 11న లండన్ దగ్గర వూలిచ్‌లో నీళ్ళలోకి దింపారు. పది ఫిరంగుల చిన్న యుద్ధనౌక, పొడవు 90 అడుగులు, వెడల్పు ఇరవై నాలుగున్నర. ఈ తరహా ఓడల్ని నావికులు శవపేటికలనేవాళ్ళు. తుఫానుకి తట్టుకోలేవని అంత పేరు. 1825లో దీనికి వెనక మూడో కొయ్య (తెరచాపలు కట్టే స్తంభం) నిలబెట్టి తీరాల సర్వే పనికి మార్చారు. చిన్న ఓడ కాబట్టే ఎంచుకున్నాను. 104 ఫిరంగుల విక్టరీ అనే పెద్ద యుద్ధనౌక కిట్టు మొదలుపెట్టి, సగం అస్థిపంజరాన్ని అటకెక్కించినవాళ్ళు ఇద్దరు నాకు తెలుసు. మీకిది మొదటి కిట్టయితే అంత పెద్దదాని జోలికి పోకండి.

స్కేలు 1:60, అంటే అసలు ఓడలో అరవయ్యో వంతు. హల్, అంటే ఓడ మొండెం, 46 సెంటీమీటర్లు, ముందుకి పొడుచుకొచ్చే బౌస్ప్రిట్ కొయ్యతో కలిపితే డెబ్భై దాటుతుంది. కిట్టు, రవాణా, కస్టమ్స్ కలిపి నాకు 22 వేలయింది. అక్కడితో అయిపోతుందనుకున్నాను. మంచి దారం, రంగులు, సన్నని ఆకురాళ్ళు, చివర్లో అద్దాల పెట్టె మరో 13 వేలు మింగాయి. కంపెనీ పేరు రాయడం లేదు. యూరప్ సరుకు, అంతవరకు చాలు.

మొదటిరోజే దెబ్బ. ఓడకి వెన్నెముకలాంటి పొడవాటి ప్లైవుడ్ పలక ఒకటుంటుంది, దానికే అడ్డపలకలన్నీ గుచ్చాలి. అది బల్లమీద పెడితే మధ్యలో మూడు మిల్లీమీటర్లు పైకి లేచి ఊగుతోంది. అమ్మినవాళ్ళకి ఫొటోలు పంపాను. పదహారు రోజుల తర్వాత జవాబొచ్చింది: చెక్క అన్నాక వంపు సహజమట. ఈలోపు నేనే రెండువైపులా తడిగుడ్డతో తుడిచి, రెండు కడప బండల మధ్య పెట్టి, పైన బియ్యం డబ్బా ఎక్కించి నాలుగు రోజులు వదిలేశాను. మూడు మిల్లీమీటర్లు కాస్తా అరకి దిగింది. మీకు పెట్టె రాగానే చేయాల్సిన మొదటి పని ఇదే, ఆ పలకని అద్దంమీద పెట్టి చూసుకోండి. వెన్ను వంకరైతే పైన మీరెంత నగిషీ చేసినా ఓడ వంకరే.

తర్వాత అడ్డపలకల మీద బద్దలు అతకడం. ఈ పని బాగా సాగితే మిగతా ఓడ సాగినట్టే. మొదటి పొర లైమ్ (లిండెన్ చెట్టు) చెక్క బద్దలు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. దానిమీద సపేలీ అనే ముదురు రంగు చెక్క, కాగితంలా పల్చటిది. బీగిల్ ముక్కు బుగ్గల్లా గుండ్రంగా ఉంటుంది. బద్ద అక్కడికొచ్చేసరికి ఒకేసారి పక్కకీ వంగాలి, మెలికా తిరగాలి. కిట్టుతో వచ్చిన సూచనల పుస్తకంలో దీనికి ఒకే వాక్యం: బద్దల్ని తడిపి వంచి అతికించండి. నేను అలాగే చేశాను. ఆరో బద్ద దగ్గర ముక్కు భాగంలో బద్దలు ఒకదానిమీదొకటి ఎక్కడం మొదలైంది, చేప పొలుసుల్లాగ.

మా ఇంటి అద్దెదారు ఫిషింగ్ హార్బర్‌లో చెక్క బోట్లు బాగుచేసే మేస్త్రి. ఒకరోజు కిటికీలోంచి చూసి లోపలికొచ్చాడు. బద్ద తీసి కంటి ముందు పెట్టుకుని, "మధ్యలో ఉన్నంత చోటు ముక్కు దగ్గర ఉండదు కదండీ. బద్దని సన్నం చేయకుండా ఎలా పడుతుంది?" అన్నాడు. అంతే. నడుం దగ్గర అడ్డపలక అంచు కొలిచి, ముక్కు దగ్గరది కొలిచి, రెండింటినీ బద్దల లెక్కతో భాగిస్తే ఒక్కో బద్ద చివర ఎంత ఉండాలో తెలుస్తుంది. నాకు ఐదు మిల్లీమీటర్ల బద్ద కొసన మూడుకి దిగింది. ఆరు బద్దలూ ఊడదీసి మళ్ళీ మొదలుపెట్టాను. ఇంకో మాట కొన్నాళ్ళకి చెప్పాడు: ఎడమవైపు ఒకటి వేస్తే కుడివైపు ఒకటి వేయాలి. ఒకే పక్క నాలుగు వేస్తే జిగురు ఆరేటప్పుడు లాగి వెన్ను మెలిపడుతుంది. ఆ మాట వినేసరికే నేను కుడివైపు మూడు ఎక్కువ వేసున్నాను. ఇప్పటికీ ఓడని సరిగ్గా ఎదురుగా చూస్తే ముక్కు కొంచెం కుడికి తిరిగి కనిపిస్తుంది. చుట్టాలకి తెలియదు. నాకు తెలుసు.

బద్ద వంచడానికి ప్రత్యేక సాధనాలు అమ్ముతారు, కొనకండి. గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నానబెట్టి, పాత ఇస్త్రీపెట్టె అంచుమీద మెల్లగా లాగితే చాలు. జిగురుకి మామూలు ఫెవికాల్. వానాకాలంలో అది ఆరడానికి రెండింతలు పడుతుంది, తొందరపడి క్లిప్పు తీస్తే బద్ద చిటుక్కున లేస్తుంది. ఫెవిక్విక్‌లాంటి ఇన్‌స్టంట్ జిగురు మాత్రం తేమలో ముదురు చెక్కమీద వాడొద్దు. దాని ఆవిరి చుట్టూ తెల్లగా బూజులా పేరుకుంటుంది. నా ఓడ వెనకభాగంలో సపేలీమీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, ఉప్పుకాగితంతో రుద్దితే పొర చిరిగింది.

వెనకున్న చిన్న క్యాబిన్ దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. కిట్టులో అది రెండు తలుపులున్న డబ్బా, అంతే. డార్విన్ దాదాపు ఐదేళ్ళ ప్రయాణంలో, 1831 డిసెంబరు 27 నుంచి 1836 అక్టోబరు 2 దాకా, ఓడమీదున్నప్పుడు రాసుకున్నదీ పడుకున్నదీ ఆ గదిలోనే. అసలు గది సుమారు పదకొండడుగులు పది. 1:60లో ఐదున్నర సెంటీమీటర్లకి ఐదు, నా అరచేతిలో పడుతుంది. ఎత్తు ఐదడుగులు, అంటే మోడల్లో రెండున్నర సెంటీమీటర్లు. ఆరడుగుల డార్విన్ మూడు సెంటీమీటర్లవుతాడు. ఓరోజు అగ్గిపుల్లని మూడు సెంటీమీటర్లకి విరిచి ఆ గదిలో నిలబెట్టబోయాను. నిలబడలేదు, వాల్చాల్సొచ్చింది. ఆ గదిలోనే మధ్యన మ్యాపుల బల్ల, వెనక కొయ్య కాండం, గోడనిండా పుస్తకాలు. రాత్రి ఉయ్యాల మంచం కడితే కాళ్ళకి చోటు చాలక సొరుగు ఒకటి తీసేసేవాడట. డార్విన్ గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఆ ఇరుకు నాకింతలా తెలియలేదు. లోపల బల్ల, అర చేసి పెట్టాను. పైకప్పు వేశాక ఒక్కటీ కనబడదు. అయినా చేశాను.

చరిత్రతో కిట్టు ఎంతవరకు సరిపోతుందంటే, అక్కడక్కడా అంటాను. 1831లో ఆ ప్రయాణానికి ముందు డెవన్‌పోర్ట్ నౌకాశాలలో డెక్కుని ముందు పన్నెండంగుళాలు, వెనక ఎనిమిదంగుళాలు ఎత్తు పెంచారు. మార్పుల తర్వాత ఓడ ఎలా ఉందో చూపే పూర్తి నక్షా మిగల్లేదు. కాబట్టి మోడళ్ళన్నీ కొంత ఊహే, దాన్ని తప్పుపట్టను. కానీ తెలిసిన విషయాలైనా పెట్టాలి కదా. విలియం స్నో హారిస్ కనిపెట్టిన పిడుగువాహకాలు బీగిల్ కొయ్యలన్నిటికీ రాగిపట్టీలుగా బిగించారు. ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ వాటిని మెచ్చుకున్నాడు కూడా. కిట్టులో వాటి ఊసే లేదు. మిగిలిన రాగి టేపుని వెంట్రుకంత సన్నగా కోసి కొయ్యల వెనక నేనే అతికించాను. అరగంట పని, ఓడకి ప్రాణమొచ్చింది.

బోట్లు మాత్రం కిట్టుకే సిగ్గుచేటు. ప్లైవుడ్ ముక్కలు ఒకదానిమీదొకటి పేర్చి చెక్కుకోమన్నారు, చేస్తే సబ్బుపెట్టెలా వచ్చింది. వాటిని పారేసి పల్చటి బద్దలతో సొంతంగా చేశాను. 1833 జనవరి 13న దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దగ్గర ఓ పెద్ద అల బీగిల్‌ని పక్కకి పడగొట్టి ఒక బోటుని ఎత్తుకుపోయింది. మా ఇంట్లో ఆ పని నా చేతిలోని దుమ్ముగుడ్డ చేసింది. సోఫా కింద దొరికింది లెండి.

ఇక తాళ్ళు. హల్ ఆర్నెల్లయితే తాళ్ళు పది నెలలు. కొయ్యల్ని పక్కలకి లాగిపట్టే ష్రౌడ్ తాళ్ళకి అడ్డంగా నిచ్చెన మెట్లలాగ సన్నదారాలు కట్టాలి. ఒక్కో కూడలిలో ఒక్కో ముడి. ఎనిమిది వందలు దాటాక లెక్క మానేశాను. కాగితంమీద ఐదు మిల్లీమీటర్లకో గీత గీసి ష్రౌడ్ల వెనక పెట్టుకుని కడితే వరసలు వంకరపోవు. ఈ కిటుకు పుస్తకంలో లేదు. అసలు అందులో ఉన్న క్రమమే తప్పు. డెక్కుమీద కొయ్యల చుట్టూ పిన్నులకి కట్టే తాళ్ళని చివర్లో పెట్టారు. ష్రౌడ్లు కట్టేశాక అక్కడికి వేలు కాదు కదా, ట్వీజరు కూడా దూరదు. డెక్కుమీద ఏ కొక్కెం ఉండాలో, ఏ కప్పీ ఉండాలో కొయ్యలు నిలబెట్టకముందే పెట్టేయండి. నేను పెట్టక, అల్లికసూదికి వంకర కొక్కెం చేసుకుని ఒక్కో తాడు దగ్గరా ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టాను.

కిట్టులో ఇచ్చిన దారం నూలు. చూడ్డానికి బావుంది కానీ దగ్గర్నించి చూస్తే నూగు. కొందరు తేనెమైనం పూయమంటారు. పూశాను, నూగు అణిగింది, ఏడాదికల్లా దుమ్ము పట్టి నల్లబడింది. అంతకన్నా పెద్ద తలనొప్పి తేమ. నూలుదారం తడిగాలికి బిగుసుకుంటుంది, పొడిగాలికి వదులవుతుంది. ఆగస్టులో అన్ని తాళ్ళూ వీణతీగల్లా ఉంటాయి. జనవరిలో బట్టలారేసే తీగల్లా వేలాడతాయి. మొదటి వానాకాలంలోనే ముందుకొయ్య పైభాగం ఒకవైపు లాగేసి రెండు మిల్లీమీటర్లు వంగింది. అసలు ఓడల్లో హెంప్ నార తాళ్ళకీ ఇదే గొడవ, వాళ్ళు రోజూ బిగించేవాళ్ళు, వదిలేవాళ్ళు. నాకంత ఓపిక లేదు. రెండో ఏడాది ప్రధాన కొయ్య, ముందుకొయ్య తాళ్ళన్నీ కోసేసి పూర్ణా మార్కెట్‌లో కొన్న పాలిస్టర్ దారంతో మళ్ళీ కట్టాను. అవి నేటికీ కదల్లేదు. వెనక కొయ్యకి మాత్రం పాత నూలే ఉంచాను, పోలిక చూద్దామని. మీకు నా ఒక్క సలహా కావాలంటే, పెట్టె విప్పిన రోజే ఆ దారం ఉండలు తీసి పక్కన పడేయండి.

తెరచాపల కథ ఇంకా సిగ్గుగా ఉంటుంది. గుడ్డ గాలికి ఉబ్బినట్టు కనబడాలని గంజి పెట్టి ఆరేశాను. మా ఆవిడ ముందే అంది, గంజికి బొద్దింకలొస్తాయని. నవ్వాను. మూడు నెలలకి పెద్ద తెరచాప అంచు రంపంతో కోసినట్టు తయారైంది. తెరచాపలన్నీ తీసేశాను. నిజానికి అవి లేకపోతేనే ఓడ బావుంది, తాళ్ళ పనంతా కనిపిస్తోంది. అద్దాల పెట్టె ఆ తర్వాతే చేయించాను, ముందే చేయించాల్సింది.

రాగిరేకులు నచ్చాయి. నీటికింద భాగమంతా గోరంత రేకులతో కప్పాలి, వెనక జిగురుంటుంది. నేను వరస తర్వాత వరస వెనకనుంచి ముందుకి, కిందనుంచి పైకి వేసుకుంటూ పోయాను. కొసన వరసలు ఇరుకైనచోట కోతలు సరిగ్గా రాలేదు. మూడేళ్ళలో లేచినవి నాలుగే, అవీ చుక్కాని దగ్గర. మెరుపు పోయి ముదురు గోధుమ రంగు తిరిగింది, అదే అసలు ఓడ రంగుకి దగ్గర. వార్నిష్ వేయకపోవడం మంచిదైంది. అయితే చేతికి గ్లవుజులు వేసుకోకపోతే చెమట గుర్తు మిగిలిపోతుంది, కొన్నాళ్ళకి నల్లగా తేలుతుంది. ఎడమపక్క నీటిగీత కింద చిన్న బొటనవేలి ముద్ర ఒకటుంది. మా అమ్మాయి కొడుకుది, అప్పుడు వాడికి నాలుగేళ్ళు. తుడిచేసే ద్రవం కొన్నాను కానీ ఆ ఒక్కచోట వాడలేదు.

కొనొచ్చా అంటే కొనండి, కానీ కలప కోసం కొనండి. కోతలు కచ్చితంగా ఉన్నాయి, చెక్క పురుగు పట్టలేదు, కొయ్యలు నిటారుగా వచ్చాయి. బోట్లు, దారం, పుస్తకం ఈ మూడింటికీ డబ్బు దండగ చేశామనుకోండి. ఏసీ గదిలో పెట్టగలిగితే నా కష్టాల్లో సగం మీకుండవు. కళ్ళకి యాభై దాటితే తలకి తగిలించుకునే భూతద్దం తప్పనిసరి. నేను మొదటి ఏడాది పౌరుషానికి పోయి వాడలేదు, ఆ ఏడాది కట్టిన ముడులు ఇప్పుడు చూస్తే తెలుస్తుంది.

పోయిన నెల వెనక కొయ్యకి ఉంచిన పాత నూలు తాడు ఒకటి పుటుక్కున తెగింది. దీపావళి సెలవుల్లో అద్దం తీసి మిగతావి కూడా కోసేస్తాను. పాలిస్టర్ రీలు సొరుగులోనే ఉంది.