షేవర్ కొనేముందు దాని ఫాయిల్ (పైన ఉండే రేకు) విడిగా దొరుకుతుందో లేదో చూసుకోండి. నేను చూసుకోలేదు

పండగ ఆఫర్లో ఎలక్ట్రిక్ షేవర్ కొందామనుకుంటున్నవాళ్లు రెండు నిమిషాలు ఇది చదివి కొనండి.

నాది విజయవాడ, మెడికల్ రెప్ ఉద్యోగం. వారానికి ఆరు రోజులు నున్నగా గడ్డం గీసుకుని, టై కట్టుకుని డాక్టర్ల గదుల ముందు నిలబడాలి. నాకు మెడ కింద వెంట్రుకలు సుడి తిరిగి ఉంటాయి. రోజూ రేజర్ పెడితే మంట, ఎర్రటి పొక్కులు. మా వీధి సెలూన్ అన్న చూసి, "రోజూ ఎదురు గీస్తే ఇంతే తమ్ముడూ, మిషన్ కొనుక్కో" అన్నాడు. ఆయన మాట తప్పు కాదు. నేను కొన్నదే తప్పు.

ఒక ఆన్‌లైన్ సైటు దసరా సేల్లో ఎంఆర్‌పీ 5,999 కొట్టేసి 1,799కి పెట్టారు. మూడు వరసల ఫాయిల్, నీళ్లలో ముంచినా ఏమీ కాదట, 4.3 స్టార్లు, వేలల్లో రివ్యూలు. ఇంకేం చూస్తాం?

డబ్బా తెరవగానే ఒక చీటీ. "ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేయండి, 100 రూపాయలు పొందండి." సిగ్గు విడిచి చెప్తున్నా, మూడో రోజే ఇచ్చాను. "సూపర్ ప్రొడక్ట్, వాల్యూ ఫర్ మనీ" అని కూడా రాశాను. వంద వచ్చింది. అప్పటికి షేవర్ నిజంగా బాగానే గీసిందిలెండి, అదొక్కటే నా సమర్థన.

ఆరో వారంలో, సోమవారం పొద్దున, దవడ కింద చురుక్కుమంది. చూస్తే తెల్ల చొక్కా కాలర్ మీద రక్తం. పటిక రుద్దుకుని షేవర్ వెలుతురులో పెట్టి చూశాను. నడిమి ఫాయిల్ చిరిగి మొన తేలింది.

ఫాయిల్ అంటే పైన ఉండే చిల్లుల రేకు. గడ్డం వెంట్రుకంత మందం కూడా ఉండదు. వెంట్రుక ఆ చిల్లులోకి దూరితే కింద అటూ ఇటూ ఆడే బ్లేడు కోస్తుంది. మన బుగ్గకీ ఆ బ్లేడుకీ మధ్య అడ్డం ఆ రేకొక్కటే. వాడేకొద్దీ అరగడం దాని లక్షణం. అందుకే పేరున్న కంపెనీలు ఏడాదిన్నరకో రెండేళ్లకో మార్చుకోమని చెప్పి, విడిగా అమ్ముతాయి. కొన్నిటికి ఫాయిలుండే ఆ తల ఖరీదే షేవర్ ధరలో సగం దాకా ఉంటుంది, అది వేరే ఏడుపు. కానీ దొరుకుతుంది కదా.

నా షేవర్‌కి ఫాయిల్ కావాలని అమ్మినవాళ్లని అడిగితే "ఫాయిల్ విడిగా అమ్మం సర్, కొత్తది తీసుకోండి" అని మెసేజ్. ఏడాది వారంటీ ఉందిగా అంటే, అది మోటారుకేనట. ఫాయిల్, బ్లేడు, బ్యాటరీ అరిగే వస్తువుల కింద లెక్క. షేవర్లో ఆ మూడూ తీసేస్తే ఇక మిగిలిందేమిటో నాకైతే అర్థం కాలేదు. వెనక్కి పంపడానికి గడువు ఏడు రోజులే. అసలు మెలిక ఇక్కడుంది. రేజర్ నుంచి మిషన్‌కి మారితే చర్మం అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుందని తయారీదారులే చెప్తారు. అంటే మనకి నప్పిందో లేదో తెలిసేలోపే గడువు అయిపోతుంది.

ఆ రాత్రి కూర్చుని పాత రివ్యూలు తిరగేశాను. మొదటి రెండు వందలూ మొబైల్ పౌచ్ గురించి! "నా ఫోన్‌కి కరెక్టుగా సరిపోయింది" అని ఫొటోలతో సహా. మంచి పేరొచ్చిన పాత పేజీలో వస్తువు మార్చేసి షేవర్ పెట్టారన్నమాట. వాటి మీద నాలాంటి వంద రూపాయల వాళ్లు. డబ్బిచ్చి రాయించిన రివ్యూలు కూడదని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది గానీ, తెచ్చినప్పుడు అది స్వచ్ఛందంగా పాటించమన్నదే.

నీళ్ల సంగతీ అంతే. పేజీలో ఐపీఎక్స్7 అని ఉంది. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. లోపలి కాగితంలో మాత్రం "తల భాగం మాత్రమే కడగాలి" అని ఉంది. అట్ట మీద దిగుమతిదారు పూర్తి చిరునామా కూడా లేదు, చట్టం ప్రకారం ఉండి తీరాలి.

కాబట్టి షేవర్ వెతికేముందు దాని మోడల్ నంబరు కొట్టి ఫాయిల్ వెతకండి. దొరక్కపోతే ఎంత చవకైనా వదిలేయండి. రివ్యూలు పాతవాటి నుంచి చదవండి. కొనేరోజే పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత మారిపోతుంది. నాది మారింది, ఐపీఎక్స్7 మాట ఇప్పుడు లేదు. అదృష్టం కొద్దీ కొన్నప్పుడు మా బావమరిదికి స్క్రీన్‌షాట్ పంపి ఉన్నాను.

దాన్ని జతచేసి సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాశాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కూడా ఫోన్ చేశాను. పద్దెనిమిదో రోజున డబ్బు వెనక్కి వచ్చింది.

నా ఐదు స్టార్లు ఒకటికి మార్చి, చీటీ ఫొటో పెట్టాను. మర్నాడే అదే వాట్సాప్ నంబరు నుంచి మెసేజ్: రివ్యూ తీసేస్తే 500 ఇస్తారట.