గ్లేసియర్ నేషనల్ పార్కులో ఐదు రాత్రులు: పడమర రెండు, తూర్పున మూడు

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, కెనడా సరిహద్దును ఆనుకొని ఉన్న గ్లేసియర్ నేషనల్ పార్కుకు బయలుదేరే ముందు తేల్చుకోవలసిన మొదటి విషయం బస ఏ వైపు అన్నది. పార్కు మధ్యగా సాగే పర్వతశ్రేణి ఆ ప్రాంతాన్ని రెండు వేర్వేరు వాతావరణాలుగా విడదీస్తుంది. పసిఫిక్ నుంచి వచ్చే తేమ పడమటి వాలు మీదే చాలావరకు కురిసిపోవడం వల్ల అక్కడ రెడ్ సీడార్, హెంలాక్ చెట్లు దట్టంగా పెరిగాయి. తూర్పు వైపుకు దాటగానే గాలి జోరు పెరిగి, చెట్లు పలచబడి, కొద్ది దూరంలోనే గడ్డి మైదానాలు మొదలవుతాయి. జూలై నెలాఖరున నలుగురం వెళ్లి, పడమర రెండు రాత్రులు, తూర్పున మూడు రాత్రులు గడిపాం.

పడమర మా బస లేక్ మెక్‌డొనాల్డ్ లాడ్జ్. 1914లో ప్రారంభమైన ఈ కట్టడం అసలు ముఖం సరస్సు వైపు ఉంటుంది. అప్పట్లో అతిథులు పడవలోనే వచ్చేవారట, అందువల్ల కారులో వచ్చే మనం దాని వెనుక గుమ్మం గుండానే లోపలికి వెళతాం. గది చిన్నది, గోడలు పలుచన, ఎయిర్ కండిషనింగ్ లేదు. అయినా తెల్లవారుజామున నాలుగడుగులు వేస్తే సరస్సు ఒడ్డుకు చేరగలగడం ఆ లోటును తీర్చింది. సుమారు 16 కిలోమీటర్ల పొడవు, 140 మీటర్లకు మించిన లోతు ఉన్న ఆ సరస్సును తొలిచింది ఒకప్పుడు ఆ లోయ నిండా పారిన మంచే. ఒడ్డున నీటి అడుగున ఎరుపు, ఆకుపచ్చ గులకరాళ్లు కనిపిస్తాయి. రాతిలోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసిన చోట ఎరుపు, కలవని చోట పచ్చదనం.

అక్కడికి దగ్గరలోని ట్రెయిల్ ఆఫ్ ది సీడార్స్ చక్రాల కుర్చీలో వచ్చేవారు కూడా తిరగగలిగేలా చెక్క బాటతో ఉంది. అక్కడి నుంచే అవలాంచ్ సరస్సుకు దారి చీలుతుంది. రానుపోను సుమారు ఏడున్నర కిలోమీటర్లు. ఎక్కువ భాగం అడవి నీడలోనే నడక. చివర మూడు వైపులా నిటారు గోడలున్న పెద్ద గిన్నెలాంటి చోట సరస్సు, ఆ గోడల మీద పైనున్న మంచు కరిగి జారే సన్నని జలధారలు కనిపిస్తాయి. ఇక్కడి పార్కింగ్ మాత్రం పరీక్షే. మొదటి రోజు తొమ్మిదింటికి వెళ్లి, మూడు చుట్లు తిరిగి వెనుదిరిగాం. మర్నాడు ఆరున్నరకే చేరి సుఖపడ్డాం.

పార్కును అడ్డంగా దాటే గోయింగ్ టు ది సన్ రోడ్డు పొడవు సుమారు 80 కిలోమీటర్లు. 1933లో లాంఛనంగా ప్రారంభించిన ఈ రోడ్డు కొండ అంచును పట్టుకొని, ఒకే ఒక్క పెద్ద మెలికతో 2,026 మీటర్ల ఎత్తున్న లోగన్ పాస్ అనే కనుమకు చేరుతుంది. స్వయంగా నడిపితే ఖర్చు తక్కువే గానీ, స్టీరింగ్ పట్టుకున్నవారికి రోడ్డు తప్ప మరేమీ కనబడదు. అందుకే ఒక రోజు కారు పక్కనపెట్టి, పార్కులో పర్యాటకులను తిప్పే 1930ల నాటి ఎర్ర బస్సులో వెళ్లాం. పైకప్పు గుడ్డను వెనక్కి చుట్టేస్తారు కాబట్టి తల ఎత్తితే చాలు, పర్వతం మొత్తం కనిపిస్తుంది. టిక్కెట్టు చవక కాదు. నేనైతే మళ్లీ కొంటాను. సొంత కారుకు ముందస్తు అనుమతి, షటిల్ బస్సుల నియమాలు ఇటీవల ఏడాదికోసారి మారుతున్నాయి కనుక, పాత అనుభవాలను నమ్ముకోకుండా పార్కు అధికారిక ప్రకటన చూసుకోవడం అవసరం. లోగన్ పాస్ దగ్గర హిడెన్ లేక్‌ను చూసే చోటి దాకా నడిచాం. బాట మీద ఇంకా మంచు ముద్దలున్నాయి, కొండమేకలు మమ్మల్ని పట్టించుకోలేదు.

తూర్పున మొదటి రాత్రి పార్కు బయట ఒక ప్రైవేటు కాటేజీలో దిగడం మా పొరపాటు. హీటర్ పనిచేయలేదు, చీకటి పడ్డాక కార్యాలయంలో పలికేవారు లేరు. ఉదయం సగం డబ్బు తిరిగి ఇచ్చారు గానీ, చలిలో పోయిన నిద్ర తిరిగి రాలేదు.

మిగిలిన రెండు రాత్రులు మెనీ గ్లేసియర్ హోటల్‌లో. గ్రేట్ నార్తర్న్ రైల్వే 1915లో స్విస్ కొండ ఇళ్ల పద్ధతిలో తెరిచిన ఈ చెక్క భవనంలో నేల అడుగడుగునా కిర్రుమంటుంది, గదిలో టీవీ లేదు, భోజనం ధరకు తగ్గట్టు లేదు. కానీ బాల్కనీ తలుపు తెరవగానే ఎదురుగా స్విఫ్ట్‌కరెంట్ సరస్సు, దాని వెనుక గ్రినెల్ పాయింట్ శిఖరం. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1895 ఒప్పందం వరకు ఈ ప్రాంతం బ్లాక్‌ఫీట్ అనే ఆదివాసీ జాతి భూమి. తూర్పు సరిహద్దు అవతల నేటికీ వారికంటూ కేటాయించిన భూభాగం (రిజర్వేషన్) ఉంది, వారి గైడ్లు నడిపే బస్సు యాత్రలూ ఉన్నాయి. సమయం చాలక మేము అందులో వెళ్లలేకపోయాం.

గ్రినెల్ హిమానీనదానికి పూర్తిగా నడిస్తే రానుపోను సుమారు 17 కిలోమీటర్లు. రెండు సరస్సులను పడవల్లో దాటితే అది పన్నెండుకు కాస్త తక్కువకు దిగుతుంది. మోకాళ్లు ఎలాంటివైనా పడవ టిక్కెట్టు కొనమనే చెబుతాను, ఎందుకంటే అసలు ఎక్కుడంతా పడవ దిగాకే ఉంది. దారిలో కింద కనిపించే గ్రినెల్ సరస్సు పాలు కలిపిన మణినీలంలా ఉంటుంది. మంచు రాతిని రుద్ది చేసిన పిండి నీటిలో తేలుతూ వెలుగును చెదరగొట్టడమే దానికి కారణం. పైకి చేరాక మంచు ముక్కలు తేలే మరో సరస్సు ఎదురైంది. హిమానీనదం వెనక్కి తగ్గుతూ వదిలిపోయిన చోటే అది. 1966కూ 2015కూ మధ్య ఈ హిమానీనదం విస్తీర్ణంలో దాదాపు 45 శాతం కోల్పోయింది. మా నలుగురిలో ఎక్కువగా మాట్లాడేవారు కూడా అక్కడ అరగంట మౌనంగా కూర్చున్నారు.

ఎలుగుబంటి మీదికి వస్తే దాని ముఖాన కొట్టే ఘాటైన బేర్ స్ప్రే డబ్బాను విమానంలో తేనివ్వరు, తిరిగి పట్టుకెళ్లనివ్వరు. అక్కడే ఒకటి కొని, వాడే అవసరం రాక, చివరి ఉదయం హోటల్‌లో అప్పుడే దిగిన ఒక కుటుంబానికి ఇచ్చేశాం. మళ్లీ వెళ్తే బయటి కాటేజీ రాత్రిని తీసేసి, మెనీ గ్లేసియర్‌లో మూడు రాత్రులుంటాను. హోటల్ గది దొరక్కపోతే దగ్గరలోని స్విఫ్ట్‌కరెంట్ మోటార్ ఇన్ గదైనా సరే.