ఆ నీలం రంగు ఎచెవేరియా కొనకండి

తిరుపతిలో సక్యులెంట్లు, అంటే దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్కలు, కొనేవాళ్లకి ఒక మాట. నీలం, వంకాయ రంగుల్లో మెరిసిపోయే ఎచెవేరియా అనే సక్యులెంట్ కనిపిస్తే వెంటనే పర్సు తీయకండి. నేను తీశాను, 350 రూపాయలు పోయాయి. షాపు పేరు రాయను.

"రేర్ వెరైటీ అక్కా, బెంగళూరు నుంచి తెప్పించినాం" అన్నాడు షాపతను. చూడ్డానికి విచ్చిన గులాబీలాగే ఉంది. ఇంటికి తెచ్చిన మూడో వారానికి నడిమధ్యలో నాలుగు కొత్త ఆకులు వచ్చాయి. లేత పచ్చగా! చుట్టూ ఉన్నవేమో ముదురు నీలం. అనుమానమొచ్చి గోరుతో గీకితే పాత నెయిల్ పాలిష్‌లా పొర లేచింది. పెయింట్ కొట్టారు. అప్పుడు చూస్తే కుండీ అంచు మీద, పైన పరిచిన గులకరాళ్ల మీద కూడా అవే నీలం తుంపరలు. కొనేటప్పుడు నా కళ్లు ఎక్కడున్నాయో!

పెయింట్ పడితే ఆకుకి వెలుతురు సరిగా అందదు. పైగా ఈ జాతి మొక్కలు రాత్రిళ్లు ఆకు రంధ్రాలు తెరిచి గాలి తీసుకుంటాయి, అవీ మూసుకుపోతాయి. కొన్ని ఎచెవేరియాలకు ద్రాక్షపండు మీద ఉన్నట్టు బూడిద పొర ఉంటుంది, అది సహజమే. దాన్ని మాత్రం రుద్దకండి, రుద్దిన ఆకుకి మళ్లీ రాదు. ఎండకి ఆకు కొసలు ఎర్రబడినా కంగారు పడక్కర్లేదు.

రెండో మోసం మట్టిలో ఉంది. కుండీలోంచి తీస్తే అంతా తడి కోకోపీటే (కొబ్బరి పొట్టు), వేర్ల చుట్టూ వల గుడ్డ బిగించి ఉంది. కాండం కింద నల్లగా కుళ్లింది. ఫోన్ చేస్తే "నీళ్లు ఎక్కువ పోసింటారక్కా, మొక్కకి గ్యారంటీ ఏముంటుంది" అని పెట్టేశాడు.

అసలు ఇది మెక్సికో కొండల మొక్క. సుమారు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లెలో మా చెల్లెలింట్లో హాయిగా పెరుగుతోంది. మన ఊళ్లో 40 దాటే ఎండకి నీడలోకి మార్చి, నీళ్లు బాగా తగ్గించాలి. నవంబరు వానల్లో చూరు కిందికి చేర్చాలి. కుండీలో సగానికి పైగా ముతక ఇసుక ఉండాలి.

కుళ్లిన భాగాన్ని తెల్లటి కాండం కనిపించేదాకా కోసేసి, పై ముక్కని వారం రోజులు నీడలో ఆరబెట్టి, పొడి ఇసుక మీద కూర్చోబెట్టాను. నిన్న చూస్తే కింద దారాల్లాంటి గులాబీ రంగు వేర్లు మూడు కనిపించాయి. నీలం ఆకులు ఇంకా ఆరు ఉన్నాయి, అవి ఎండి రాలేదాకా చూడాలి.