తాత్కాలిక పార్లమెంటా, మొదటి లోక్‌సభా?

1950 జనవరి 26 నుంచి 1952 దాకా మన దేశానికి చట్టాలు చేసింది జనం ఓటేసి పంపిన సభ కాదు. రాజ్యాంగ సభే తాత్కాలిక పార్లమెంటుగా కొనసాగింది. ఒకటే సభ, రాజ్యసభ లేదు. సభ్యుల్లో చాలామందిని పరిమిత ఓటుహక్కుతో ఏర్పడ్డ శాసనసభలు ఎన్నుకున్నాయి.

అయినా తక్కువ పనేం చేయలేదు. ఎన్నికల చట్టాలు, విచారణ లేకుండానే జైల్లో పెట్టే ముందస్తు నిర్బంధ చట్టం దాని చలవే. 1951లో మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి వాక్‌స్వాతంత్ర్యానికి కొత్త పరిమితులు పెట్టింది, భూసంస్కరణల చట్టాలను కోర్టులు కొట్టేయకుండా కాపాడే తొమ్మిదో షెడ్యూలు చేర్చింది. జనం ఎన్నుకోని సభ ప్రాథమిక హక్కుల్లో వేలు పెట్టడం నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. సవరించే అధికారమే దానికి లేదని ఆ సవరణను సవాలు చేసిన శంకరీ ప్రసాద్ కేసులో వాదించారు గానీ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

1952 మేలో కొలువుదీరిన మొదటి లోక్‌సభ సంగతి వేరు. 489 స్థానాల్లో కాంగ్రెస్‌కే 364 వచ్చినా, నల్లగొండలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డి లాంటివాళ్లు ఎదురుగా కూర్చున్నారు. పాత సభలో నానిపోయి, అంబేడ్కర్ రాజీనామా దాకా వెళ్లిన హిందూ కోడ్‌ను (హిందువుల పెళ్లి, వారసత్వ చట్టాల సంస్కరణను) ముక్కలు చేసి 1955, 56ల్లో గట్టెక్కించింది ఈ సభే. పొట్టి శ్రీరాములు మరణం తర్వాత ఆంధ్ర రాష్ట్ర చట్టం చేసిందీ ఇదే. అలాగని అన్నీ మారాయనుకోవద్దు, నిర్బంధ చట్టాన్ని మాత్రం ఇదీ వదల్లేదు.