సెన్సారా, మత్తడా? వరంగల్ వరదకు ఏది మేలు?

2023 జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజు వాన 649.8 మిల్లీమీటర్లుగా తేలింది. అంతకుముందు రాష్ట్రంలో ఎక్కడా ఒక్క రోజులో అంత వాన లెక్కకు రాలేదు. ఆ లెక్క రాసింది మనిషి కాదు, తనంతట తానే కొలిచి పంపే వాతావరణ కేంద్రం. యంత్రం తన పని తాను చేసింది. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం ఇళ్ల పైకప్పులెక్కి హెలికాప్టర్ కోసం ఎదురుచూశారు. నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టు దగ్గర పైనుంచి ఎంత నీరు వస్తోందో అందరికీ తెలుసు. కానీ 18 గేట్లలో 14 మాత్రమే లేచాయి. నాలుగు మొరాయించాయి. నీరు గేట్ల మీదుగా దూకింది.

స్మార్ట్ సిటీ అన్న మాట వినబడినప్పుడల్లా నాకు ఆ నాలుగు గేట్లే గుర్తుకొస్తాయి.

వరంగల్ 2016 మేలో స్మార్ట్ సిటీల జాబితాలోకి ఎక్కింది, కరీంనగర్ మరుసటి ఏడాది జూన్‌లో. 2025 మార్చి 31తో ఆ పథకం ముగిసింది. రోడ్లు, పార్కులు, కెమెరాలు, పెద్ద తెరలున్న కమాండ్ కంట్రోల్ సెంటర్లు, ఇలా ఈ పథకం పేరు చెబితే జనానికి గుర్తొచ్చేవి కొన్ని ఉన్నాయి. పథకం ముగిసినా వరద ముగియలేదు. వరంగల్, హనుమకొండ 2020 ఆగస్టులో మునిగాయి, 2023 జూలైలో మునిగాయి, 2025 అక్టోబరులో మొంథా తుఫానుకు మళ్లీ మునిగాయి. కాబట్టి రేపు నగరం చేతికి వచ్చే రూపాయిని దేని మీద పెట్టాలన్నది ఉత్తుత్తి ప్రశ్న కాదు. నీటిమట్టం కొలిచే సెన్సార్ల మీదా? సిమెంటు గోడలతో నాలాల మీదా? చెరువులూ, అవి నిండితే నీరు పొర్లిపోయే మత్తళ్ల మీదా?

ముందు వీధిదీపాల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఎల్ఈడీ దీపాలు, చీకటి పడగానే వెలిగి తెల్లవారగానే ఆరిపోయే పరికరాలు, వీటి విషయంలో సాంకేతికతదే గెలుపు. కరెంటు బిల్లు తగ్గుతుంది, ఎవరి భూమితోనూ తగాదా లేదు. నీటి విషయం అలా కాదు. అందులో ప్రతి అడుగుకూ ఒక ప్లాటు యజమాని ఉంటాడు.

ఇక సెన్సార్లు. వీటిని చులకన చేసేవాళ్లతో నేను ఏకీభవించను. సూరత్ నగరాన్ని చూడండి. 2006 ఆగస్టులో తాపీ నది ఆ ఊరిని ముంచేసింది. ఉకాయ్ డ్యాం ఊరికి సుమారు 100 కిలోమీటర్ల ఎగువన ఉంది. ఎగువన కురిసే వానను చూసి డ్యాంలోకి ఎంత నీరు వస్తుందో ముందే అంచనా కట్టి, గేట్లు ఎప్పుడు ఎంత ఎత్తాలో తేల్చుకుని, ఊరిని అప్రమత్తం చేసే ఏర్పాటు ఆ తరువాత అక్కడ చేసుకున్నారు. అక్కడ సమాచారమే ప్రాణం కాపాడుతుంది, ఎందుకంటే నీరు రావడానికి సమయం పడుతుంది. కరీంనగర్ పరిస్థితి దానికి కాస్త దగ్గర. ఊరి నెత్తిన 24 టీఎంసీల దిగువ మానేరు జలాశయం, దానికి 20 గేట్లు, ఆపైన మధ్య మానేరు. పైగేట్లు ఎత్తితే నీరు కిందికి ఎప్పుడు చేరుతుందో లెక్క కట్టవచ్చు. ఆ లెక్క చెప్పే తెర కరీంనగర్‌లో దండగ కాదు.

వరంగల్‌కు అలాంటి నది లేదు. ఊరి మీద పడిన వానే ఊరిని ముంచుతుంది. ఎగువన కురిసింది గంటల్లోనే నాలాల్లోకి, నాలాల్లోంచి గడపల్లోకి వస్తుంది. హంటర్ రోడ్డులో ఉండే మా మేనమామకు 2023లో హెచ్చరిక సందేశం అందింది, కాదనను. ఆయన దాన్ని చదివేటప్పటికి మంచం కోళ్లు నీళ్లలో ఉన్నాయి. రెండు స్మార్ట్ సిటీలకూ ఒకే రకం తెర కొనిపెట్టడమంటే, జ్వరానికీ కాలు విరిగినందుకూ ఒకే మాత్ర ఇచ్చినట్టు.

పైగా సెన్సార్‌కు పోషణ కావాలి. నాలా వంతెన కింద బిగించిన పరికరం ధ్వని తరంగాన్ని కిందికి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి నీటిమట్టం చెబుతుంది. కింద నీటికి బదులు ప్లాస్టిక్ చెత్త గుట్ట తేలుతుంటే ఆ గుట్ట ఎత్తే చెబుతుంది. సాలీడు దాని మూతి ముందు గూడు కడితే ఏమి చెబుతుందో దానికే తెలియాలి. సోలార్ పలక తుడవాలి, బ్యాటరీ మార్చాలి, సిమ్ కార్డుకు డబ్బు కట్టాలి. కొనడానికి టెండరు ఉంటుంది. తుడిచే మనిషికి జీతం ఏ పద్దులో ఉంటుందో వెతుక్కోవాలి.

సిమెంటు నాలా గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నయీంనగర్ నాలా మీద ఇరుకు వంతెనను 2024లో పడగొట్టి వెడల్పుగా, ఎత్తుగా కట్టడం సరైన పనే. నీరు ఆగిన చోట అడ్డు తీయాల్సిందే. కానీ నున్నటి గోడల మధ్య నీరు వేగంగా పోతుంది. అంటే కింది కాలనీకి వరద ముందుగా, ఒక్కసారిగా చేరుతుంది. పై వీధి బాధను కింది వీధికి బదిలీ చేసి పని పూర్తయిందనుకుంటే కుదరదు. అదొక్కటే మందు కాదు.

చెరువు దగ్గరికి వద్దాం. చిన్న లెక్క చూడండి. ఒక చదరపు కిలోమీటరు మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 10 కోట్ల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లలో పోస్తే 20 వేల ట్యాంకర్లు. మట్టి నేల అందులో కొంత తాగేస్తుంది. సిమెంటు వీధి దాదాపు ఏమీ తాగదు. ఇప్పుడు 100 ఎకరాల చెరువులో ఒక్క మీటరు లోతు ఖాళీ ఉందనుకోండి. అది 40 కోట్ల లీటర్లు పట్టుకుంటుంది. అంటే నాలుగు చదరపు కిలోమీటర్ల మీద పడిన ఆ వానంతా, ఒక్క చుక్క ఇంకకపోయినా, ఆ చెరువులో సర్దుకుంటుంది. ఈ పని చేయగల తెర ఇంకా తయారు కాలేదు.

కాకతీయుల కాలపు పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు ఎనిమిది వందల ఏళ్లుగా పని చేస్తున్నాయంటే అందులో మంత్రమేమీ లేదు. ఒక చెరువు నిండితే మత్తడి పోసి కింది చెరువుకు, అది నిండితే ఆ కిందిదానికి. గొలుసుకట్టు అంటే అదే. మత్తడికి గేటు లేదు, మోటారు లేదు, కరెంటు అక్కరలేదు. అర్ధరాత్రి ఇంజనీరు ఫోను ఎత్తకపోయినా అది పారుతుంది. తూము దగ్గర నీరటి ఉండేవాడు. నీరు ఎంత ఉందో చూసేదీ, తూము తీసేదీ, మూసేదీ అతనే. నేటి సెన్సార్‌కు చూపు ఉంది, చేయి లేదు. నీరటికి రెండూ ఉండేవి.

అయితే చెరువు పేరు చెప్పి కళ్లు మూసుకునేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. వరంగల్‌లో భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగర్ తాగునీటి నిల్వకు వాడుకున్న చెరువులు. తాగునీటికి చెరువు నిండుగా ఉండాలి. పడవ షికారుకూ, కట్ట మీద ఫొటోలకూ నిండుగా ఉండాలి. వరదకు మాత్రం ఖాళీగా ఉండాలి. జూలైలో అంచు దాకా నిండి ఉన్న చెరువు వరద లెక్కలో సున్నా. ఇంకా చెప్పాలంటే ముప్పు. 2023 జూలై చివర భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పుడు పోతననగర్ వైపు జనానికి ఆ సంగతి అర్థమైంది. 2024 నవంబరులో ఆ చెరువును ఖాళీ చేసి పూడికతీతకు దిగారు. మంచిదే. కానీ తవ్విన లోతంతా వానలకు ముందే నింపి పెట్టుకుంటే వరదకు మిగిలే చోటు పెరగదు.

సెన్సార్‌కు వరంగల్‌లో అసలు చోటు ఇక్కడ ఉంది. నాలాలో కాదు, చెరువులో. రెండు రోజుల్లో భారీ వాన ఉందని వాతావరణ శాఖ చెబితే, చెరువులో నీరు ఎక్కడిదాకా ఉందో చూసి, ముందే తూము తీసి ఒక మీటరు దించడం. వాన రాకపోతే తాగునీరు పోయిందని తిట్లు, వస్తే ఊరు బతుకుతుంది. ఈ జూదం ఊహ మీద ఆడకూడదు. ఇందుకు సంఖ్యలు కావాలి, వాటి కోసం సెన్సార్ కావాలి. తూము తీసే అధికారం ఎవరిదో కాగితం మీద రాసి ఉండాలి. పది చెరువులకు పది మట్టం కొలిచే పరికరాలు, పది మంది మనుషులు చాలు. కాలనీకో స్తంభం నాటనక్కరలేదు.

సాంకేతికత బాగా పనికొచ్చే రెండో చోటు హద్దులు. పాత ఉపగ్రహ చిత్రం, డ్రోన్ సర్వే, రెవెన్యూ పటం ఒకదాని మీద ఒకటి పరిస్తే చెరువు నిండుమట్టం గీత తేలుతుంది. నియమం ఇప్పటికే ఉంది. పది హెక్టార్లు, ఆపై చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు, 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్లు వదిలి కట్టాలి. ఆ గీత ప్రతివాడి ఫోనులో కనబడితే, ప్లాటు కొనే ముందే బడి టీచరో ఆటో డ్రైవరో చూసుకుంటాడు. ఇల్లు కట్టాక బుల్డోజర్ పంపడం కన్నా ఇది చవక, న్యాయం కూడా. చెరువు నీరు నిలిచే శిఖం భూమిలో అమాయకంగా కొన్నవాడి కన్నీళ్లకు అమ్మినవాడు బాధ్యుడు, కానీ అతడు ఎప్పుడూ దొరకడు.

చెరువులు బాగుపడితే వరదే రాదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వకండి. చైనాలోని ఝెంగ్‌ఝౌ వాననీటిని పీల్చుకునే ‘స్పాంజి నగరం’గా తీర్చిదిద్దుకుంటున్న ఊరు. 2021 జూలై 20న అక్కడ ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు కురిసింది. స్పాంజి చాలలేదు. లక్ష్మీదేవిపేట వాన హనుమకొండ మీద పడి ఉంటే మన చెరువులూ చాలవు. అలాంటి రోజున మనుషులను ముందుగా తరలించడమే దారి, దానికి హెచ్చరిక కావాలి. కానీ అది అరుదైన రోజు. బొందివాగు పొంగి ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ మునగడానికి మాత్రం ప్రతిసారీ అంత వాన అక్కరలేదు.

నన్ను లెక్క అడిగితే, వరంగల్ చేతిలో పది రూపాయలుంటే ఆరు రూపాయలు చెరువులకూ మత్తళ్లకూ వాటిని కలిపే కాలువలకూ. మూడు రూపాయలు నాలాల్లో ఇరుకు తీయడానికి, అదీ కింది చివర నుంచి పైకి. మిగిలిన ఒక్కటీ కొలిచే పరికరాలకు, హద్దు పటాలకు. కరీంనగర్‌లో ఆ ఒక్కటి మూడు కావచ్చు. ఆ రూపాయిలోంచే ముందు తీసి పక్కన పెట్టాల్సింది తూము దగ్గరి మనిషి జీతం.