నాలుగు చలికాలాల జొన్న సంచి

కెమెరా లెన్స్ కదలకుండా కింద పెట్టుకునే, గింజలు నింపే సంచి (బీన్‌బ్యాగ్) ఇది. నాలుగు చలికాలాలు వాడాను. కొలతలూ గుడ్డ రకమూ అమ్మే పేజీలోనే ఉంటాయి. నాకు నచ్చింది ఒక్కటే: ఖాళీగా మడిచి బట్టల మధ్య పెట్టుకెళ్లి, నింపడం అక్కడికెళ్లాక చూసుకోవచ్చు.

నేను వెళ్లేది రాజస్థాన్‌లో ఫలోదీ పక్కనున్న ఖీచన్‌కి. మంగోలియా, మధ్య ఆసియా వైపు నుంచి కుర్జాలు (డెమోయిజెల్ క్రేన్ అనే క్రౌంచ పక్షులు) చలికాలానికి అక్కడ వేలల్లో దిగుతాయి. ఫొటో చూపిస్తే మనవాళ్లు "కొంగలా?" అంటారు. కొంగ మెడ ముడుచుకుని ఎగురుతుంది, ఇవి చాచి ఎగురుతాయి. చుగ్గా ఘర్ అనే కంచె ఆవరణలో ఊరివాళ్లు వీటికి జొన్నలు చల్లుతారు. 2025లో ఇక్కడి చిత్తడి నేల రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కింది కూడా. ఆ ఆవరణ పక్కింటి మేడ మీద పదిమంది చేరితే ట్రైపాడ్ కాళ్లు చాపే చోటుండదు. పిట్టగోడ మీద సంచికి మూరెడు చాలు.

కిరాణా కొట్లో మూడు కిలోల జొన్నలు పోయించుకున్నా. అంటే పక్షుల తిండి మీదే లెన్స్ పెట్టి పక్షుల్ని తీస్తున్నానన్నమాట! బరువు చేతుల మీద లేదు కాబట్టి గంటసేపు కన్ను తీయకుండా చూడొచ్చు. అలా చూస్తేనే తెలిసింది, ఇవి వచ్చీ రాగానే గింజల మీద పడవు. చుట్లు కొట్టి, బయట దిగి, కాసేపు నిలబడి, గుంపులు గుంపులుగా లోపలికొస్తాయి. అన్నీ తలలు వంచవు, నాలుగైదు మెడలు ఎప్పుడూ పైకే ఉంటాయి. తర్వాత చెరువు గట్టున గులకరాళ్లు ఏరి మింగుతాయి. మన కోళ్లలాగే, కందనకాయలో గింజ నలగడానికి.

మూడో ఏడు ఈ సంచే పరువు తీసింది. ఎర్రటి కన్ను మీద ఫోకస్ కుదిరిందనుకునేలోపు జిప్ విచ్చుకుంది. జొన్నలు మేడంతా, మెట్లంతా, కెమెరా బ్యాగులో కూడా. రెండు నిమిషాల్లో పావురాలు వాలిపోయాయి, కుర్జాలు మాత్రం ఇటు చూస్తే ఒట్టు. ఇంటి పెద్దావిడ చీపురు పట్టుకొచ్చి నవ్వుతూనే ఊడ్చింది. నేను బూటు తాడుతో మూతి కట్టుకునేసరికి గుంపు లేచిపోయింది. అమ్మినవాళ్లని అడిగితే వారంటీ గుడ్డకేనట, జిప్‌కి కాదట! చివరికి మా వీధి టైలరు గట్టి జిప్ వేసి, లోపల కాటన్ సంచి కుట్టిచ్చాడు.

మొదటి ఏడు "ట్రైపాడ్‌లు అమ్మేయండి" అని అందరికీ చెప్పాను. సగం వెనక్కి తీసుకుంటున్నా. తల మీదుగా ఎగిరే పక్షికి ఇది పనికిరాదు. చెరువు గట్టున మంచుకి జొన్నలు చెమ్మగిల్లుతాయి. ఒకసారి ఖాళీ చేయకుండా హైదరాబాద్ తెచ్చేశా, పురుగు పట్టి బియ్యం డబ్బా దాకా పాకింది. ఇంట్లో ఏం విన్నానో అడక్కండి. అప్పట్నుంచి ఆఖరి రోజు జొన్నలు పక్షుల బస్తాలోనే పోసి వస్తున్నా.

నాకు నడుం నొప్పి. ఏడాదికోసారి వెళ్లి పిట్టగోడ దగ్గర కదలకుండా కూర్చునే రకం. అందుకే నాకు సరిపోయింది. ఉత్తరప్రదేశ్‌లో ఇటావా వైపు వరి పొలాల్లో సారస్ క్రౌంచాల వెనక తిరిగిన నాలుగు రోజులూ ఇది గదిలో మంచం మీదే ఉంది, అక్కడ గోడేది? ఐదుకి మూడున్నర ఇస్తా. టైలరు జిప్‌తో కలిపితే నాలుగు.